ముగ్గుపిండి పటం, మాస్టర్ ప్లాన్ పటం

2025 జూన్ 1న ఢిల్లీలో జంగ్‌పురా పక్కన, బారాపుల్లా నాలా ఒడ్డున ఉన్న మద్రాసీ క్యాంపును కూల్చేశారు. వానాకాలానికి ముందే నాలాకు అడ్డు తొలగాలని హైకోర్టు చెప్పింది. దశాబ్దాల కిందట తమిళనాడు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. సుమారు 370 గుడిసెల్లో సగానికి కాస్త పైబడినవాటికే ప్రత్యామ్నాయ ఇంటికి అర్హత ఉందని తేల్చారు. ఆ ఇళ్ళు నరేలాలో ఉన్నాయి. నరేలా ఢిల్లీకి ఉత్తరపు కొస, జంగ్‌పురా నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. క్యాంపు ఆడవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్ళ పని చేసుకునేవాళ్ళు. పొద్దున ఏడింటికి ఒక ఇంట్లో అంట్లు, ఎనిమిదిన్నరకు మరో ఇంట్లో వంట, పదింటికి మూడో ఇంట్లో బట్టలు. ఆ మూడిళ్ళూ నడక దూరంలో ఉన్నంతవరకే ఆ సంపాదన.

ఎవరికి ఇల్లు ఇవ్వాలో తేల్చడానికి ముందు సర్వే జరిగింది. ఢిల్లీ 2015 పునరావాస విధానం ప్రకారం బస్తీ 2006 జనవరి 1కి ముందే ఏర్పడి ఉండాలి. గుడిసె 2015 జనవరి 1కి ముందుదై ఉండాలి. ఓటర్ల జాబితాలో పేరు, చూపించడానికి కాగితాలు ఉండాలి. వీలైతే ఉన్నచోటే, కాకపోతే 5 కిలోమీటర్ల లోపు ఇల్లు ఇవ్వాలనీ, అంతకు మించాలంటే ఆ విధానాన్ని అమలు చేసే బోర్డు ముందస్తు అనుమతి కావాలనీ అందులోనే ఉంది. దూరం విలువ ఆ విధానం రాసినవాళ్ళకు తెలుసన్నమాట. అయినా అర్హతను నిర్ణయించే ప్రశ్నలన్నీ ‘ఎప్పటినుంచి ఉంటున్నారు’ అన్నదాని చుట్టూ తిరిగాయి. ‘ఎక్కడ, ఏం పని చేసి, ఎంత తెచ్చుకుంటున్నారు’ అన్నదానికి అక్కడ చోటు లేదు.

ఒక ప్రాంతాన్ని ఆర్థికంగా పైకి తేవాలంటే ముందు దాన్ని అర్థం చేసుకోవాలి. ఈ మాటను కాదనేవారు లేరు. ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే పేచీ. డెబ్బై ఏళ్ళుగా ఢిల్లీలో, ఆ తర్వాత దాని చుట్టూ పెరిగిన రాజధాని ప్రాంతంలో బస్తీలను, ఊళ్ళను, కార్ఖానా వాడలను ఎందరో కొలిచారు. ఎక్కువమంది నేలను కొలిచారు, ఇళ్ళను లెక్కపెట్టారు. పనిని కొలిచినవాళ్ళు తక్కువ. ఆ తక్కువమంది దగ్గర నేర్చుకోవలసింది ఎక్కువ. ఈ సమీక్ష ఆ వెతుకులాట.

కొలిచే పరికరాలు

ప్రాంతీయ ఆర్థిక విశ్లేషణలో పాత పరికరం ‘ఆర్థిక పునాది’ సిద్ధాంతం. 1930లలో అమెరికాలో హోమర్ హోయట్ వంటివారు దానికి రూపం ఇచ్చారు. ఊరికి బయటినుంచి డబ్బు తెచ్చే పనులు కొన్ని, వచ్చిన డబ్బును ఊళ్ళోనే చేతులు మార్చే పనులు కొన్ని. గుంటూరు మిర్చి యార్డు మొదటి రకం. యార్డు ముందరి టీకొట్టు, మంగలి షాపు రెండో రకం. మొదటి రకం పడిపోతే రెండోది నిలవదు కాబట్టి ఏ ఊరికి ఏది పునాదో ముందు పట్టుకోవాలి. అందుకు వాడే లెక్క లొకేషన్ కోషెంట్. ఊహకు ఒక వార్డు తీసుకుందాం. అక్కడి పనివాళ్ళలో 20 శాతం బట్టలు కుట్టేవాళ్ళు. మొత్తం నగరంలో ఆ వాటా 5 శాతమే. 20ని 5తో భాగిస్తే 4. ఒకటికి మించితే ఆ పనిలో ఆ వార్డుకు ప్రత్యేకత ఉన్నట్టు.

లెక్క తేలికే. దానికి కావలసిన అంకెలే దొరకవు. తూర్పు ఢిల్లీ గాంధీనగర్ రెడీమేడ్ బట్టల మార్కెట్‌ను తీసుకోండి. దుకాణాలు కనిపిస్తాయి, గోదాములు కనిపిస్తాయి. దారాలు కత్తిరించి, గుండీలు కుట్టి పీస్ రేటు మీద పూట గడుపుకునే ఆడవాళ్ళు మాత్రం తలుపుల వెనక ఉంటారు. లెక్క రాసుకునే మనిషి తలుపు కొట్టి ‘ఏం చేస్తారమ్మా’ అని అడిగితే, ‘ఏం లేదు, ఇంట్లోనే ఉంటాను’ అన్న జవాబే వస్తుంది. అంతటితో వార్డు పునాదిలో సగం కాగితం మీదినుంచి జారిపోతుంది.

రెండో పరికరం చిల్లుకుండ లెక్క. ఊళ్ళోకి ఎంత డబ్బు వచ్చిందన్నది ఒక్కటే చాలదు, ఎంత నిలిచిందన్నదీ చూడాలి. ఢిల్లీ, గురుగ్రామ్ సరిహద్దులో ఉన్న కాపసహేరాలో, పక్కనే ఉద్యోగ్ విహార్ ఎగుమతి బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులు ఒకే గది అద్దెకు తీసుకుని ఉంటారు. ఇంటి యజమాని కొట్లోనే సరుకులు కొనాలన్న ఒత్తిడి గురించి కార్మిక హక్కుల బృందాలు ఏళ్ళుగా చెబుతున్నాయి. అద్దె, సరుకుల మీద అదనపు ధర, అప్పు మీద వడ్డీ, నీళ్ళ డబ్బాల ఖర్చు పోగా మిగిలింది బీహారుకో ఉత్తరప్రదేశ్ పల్లెకో వెళ్తుంది. కాపసహేరాకు కొత్త ఫ్యాక్టరీ తెచ్చి జీతాలు పెంచినా, కుండకు చిల్లులు పూడ్చకపోతే ఆ పెంపు అద్దెలోకే పోతుంది.

మూడోది జనం చేతే పటం గీయించే పద్ధతి. దీని చరిత్రలో మనకూ వాటా ఉంది. అభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ 1989 నుంచి 1991 వరకు హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నారు. భారతీయ స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఈ భాగస్వామ్య పద్ధతికి పదును పెట్టిన కాలం అదే. తెలుగు పల్లెల్లో ఆడవాళ్ళు ముగ్గుపిండితో నేలమీద ఊరు గీసి, బావి ఇక్కడ, అప్పిచ్చే షావుకారు అక్కడ, ఎండాకాలం వలసపోయే ఇళ్ళు ఇవీ అని చూపించారు. 1993లో అమెరికాలో క్రెట్జ్‌మన్, మెక్‌నైట్ మరో మెట్టు ఎక్కారు. పేట లోటుపాట్ల జాబితా కాదు, పేటలో ఉన్న నైపుణ్యాలు, సంఘాలు, స్థలాల జాబితా ముందు రాయమన్నారు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చాలదు. అంకెల పద్ధతి ఇంటిపనిని చూడదు. ముగ్గు పటంలో గొంతు పెద్దదైనవారి ఇల్లే మధ్యలో వస్తుంది, వాడ చివర్న ఉండేవారి ఇల్లు ముగ్గు అంచున చెరిగిపోతుంది. ఒకదాని లోపాన్ని ఇంకోదాంతో సరిచూడటమే పనితనం.

ఢిల్లీ ముందే నేర్చిన పాఠాలు

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో ఢిల్లీని బాగానే చదివారు. 1958లో భారత్ సేవక్ సమాజ్ పాత ఢిల్లీ మురికివాడల మీద సామాజిక ఆర్థిక సర్వే ప్రచురించింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ స్థాపకుడు వి.కె.ఆర్.వి. రావు, పి.బి. దేశాయ్‌తో కలిసి 1940 నుంచి 1957 వరకు ఢిల్లీ పెరుగుదల మీద చేసిన అధ్యయనం 1965లో పుస్తకంగా వచ్చింది. 1958 ప్రాంతంలోనే ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో నగర సముదాయ వికాస ప్రయోగం మొదలైంది. వీధివారీగా ‘వికాస్ మండల్’లు పెట్టి, తమ అవసరాలేమిటో, అందులో తాము చేసుకోగలిగినవేమిటో వాటిచేతే చెప్పించారు. సామాజిక శాస్త్రవేత్త మార్షల్ క్లినార్డ్ ఆ అనుభవాన్ని 1966లో పుస్తకంగా రాశాడు.

ఆ విత్తనం బాగా మొలిచింది మాత్రం మన దగ్గర. 1967లో హైదరాబాదులో మొదలైన నగర సముదాయ వికాస పథకం బస్తీల్లో బాలవాడీలు, కుట్టుపని తరగతులు, బ్యాంకు అప్పులు, సొంత ఇళ్ళ నిర్మాణం దాకా వెళ్ళింది. యూనిసెఫ్ తోడు నిలిచింది. దేశంలో బస్తీ పని గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ హైదరాబాదు పేరు వస్తుంది. పుట్టినచోట ఢిల్లీలో అది కార్పొరేషన్ శాఖల్లో ఒకటిగా మిగిలింది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆ రోజుల్లోనే ఢిల్లీకి ఇంకో పటం తయారవుతోంది. 1957 చట్టంతో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) పుట్టింది. ఆల్బర్ట్ మేయర్ నాయకత్వంలోని ఫోర్డ్ ఫౌండేషన్ బృందం సలహాతో తయారైన మాస్టర్ ప్లాన్ 1962లో అమల్లోకి వచ్చింది. పసుపు రంగు అంటే నివాసం, ఊదా అంటే పరిశ్రమ. ఒక రంగులో ఇంకోటి ఉండకూడదు. కింద కుట్టుమిషను, పైన పిల్లలు నిద్రపోయే అటక ఉన్న ఇంటికి ఆ పటంలో ఏ రంగూ లేదు.

ఫరీదాబాద్: పనితో మొదలైన ఊరు

దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన వేలాది కాందిశీకులను ఢిల్లీకి దక్షిణాన ఫరీదాబాద్‌లో స్థిరపరచాలని 1949లో ఒక బోర్డు ఏర్పడింది. అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్. నెహ్రూ స్వయంగా పట్టించుకుని సమావేశాలకు వచ్చేవారు. సుధీర్ ఘోష్ పనులు చూశారు. కమలాదేవి చట్టోపాధ్యాయ స్థాపించిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ కార్యకర్తలు శిబిరాల్లో దిగారు. వారిలో ఒకరైన ఎల్.సి. జైన్ ఈ కథను 1998లో పుస్తకంగా రాశారు.

మామూలుగా అయితే కాంట్రాక్టర్‌కు ఇళ్ళు కట్టే పని అప్పగిస్తారు, శిబిరంలో జనం రేషను తిని కూర్చుంటారు. ఇక్కడ ఇళ్ళు కట్టే పనే మొదటి ఉపాధి అయింది. కాందిశీకులు కార్మిక సహకార సంఘాలు కట్టుకుని తమ ఇళ్ళు తామే కట్టారు. నిన్నటిదాకా వ్యాపారం చేసినవాళ్ళు ఇటుకలు మోశారు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. బాటా చెప్పుల కర్మాగారం తొలివాటిలో ఒకటి. ఇంటికి దగ్గర్లో పని, పనికి దగ్గర్లో బడి అన్న క్రమం అక్కడ నడిచింది.

ఈ ఊరిని ఆదర్శంగా చూపించి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. సహకార సంఘాల ఊపు ప్రభుత్వ శాఖల పద్ధతుల్లో నలిగిపోయిందని జైన్ వాదం. ఫరీదాబాద్ పెద్ద పరిశ్రమల పట్టణంగా నిలిచింది గానీ జనం చేతిలోని సంస్థలు నిలవలేదు. దేశాధినేతల శ్రద్ధ ఉన్నంతకాలమే నడిచే పద్ధతిని పద్ధతి అనలేం. అయినా ఒక్క మాట మిగిలింది. ‘మీకేం కావాలి’ అన్న ప్రశ్నకంటే ముందు ‘మీరేం చేయగలరు’ అని అడిగిన ప్రణాళిక ఢిల్లీ చుట్టుపక్కల ఒకప్పుడు ఉండేది.

రంగు తప్పితే తాళం

ఇక రంగుల పటం చేసిన పనేమిటో చూద్దాం. 1996 జులైలో సుప్రీంకోర్టు 168 ప్రమాదకర పరిశ్రమలను ఢిల్లీలో మూసేయాలని, ఆ నవంబరు 30ని గడువుగా పెట్టి తీర్పు ఇచ్చింది. తర్వాత వంతు నివాస ప్రాంతాల్లోని చిన్న కార్ఖానాలది. 2000 నవంబరులో తాళాలు వేయడం మొదలయ్యేసరికి వీధులు భగ్గుమన్నాయి. నగరం అంచున బవానాలో పారిశ్రామిక వాడ తెరిచి ప్లాట్లు ఇచ్చారు. ప్లాటు యజమాని పేరు మీద వచ్చింది. కార్మికుడి పేరు మీద ఏమీ రాలేదు. యంత్రం లారీ ఎక్కి వెళ్ళింది. యంత్రం దగ్గరి మనిషి ఇల్లు, పిల్లల బడి, పనికి వెళ్ళే భార్య పాతచోటే ఉన్నారు.

కాలుష్యం, ప్రమాదం అబద్ధాలు కావు. 2019 డిసెంబరు 8న పాత ఢిల్లీ అనాజ్ మండీలో ఒక భవనంలో మంటలు లేచి, లోపల నిద్రపోతున్న కార్మికులతో సహా 43 మంది చనిపోయారు. ఇరుకు మెట్లు, మూసిన కిటికీలు, పనిచోటే పడక. ఇలాంటిదాన్ని ‘స్థానిక ఆర్థిక వ్యవస్థ’ అని ముచ్చటపడటం నేరం. కానీ అది రాత్రికి రాత్రే అక్కడికి రాలేదు. పటంలో రంగు లేనందున ఆ పని చీకట్లో సాగింది, చీకట్లో ఉన్నదానికి అగ్నిమాపక తనిఖీ జరగదు. లెక్కలోకి ఎక్కించి, మెట్లు వెడల్పు చేయించి, ప్రమాదకరమైనదాన్ని మాత్రమే తరలించి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న తాళానికి, వదిలేయడానికి మధ్య ఎవరికీ పట్టలేదు.

2000 నాటి అధికారిక అంచనా ప్రకారం ఢిల్లీ జనాభాలో ప్రణాళికబద్ధమైన కాలనీల్లో ఉన్నవారు నాలుగో వంతు కూడా లేరు. మిగిలినవారు ఝుగ్గీ బస్తీల్లో, పునరావాస కాలనీల్లో, అనధికార కాలనీల్లో, లాల్‌డోరా అనే హద్దు లోపలి పాత ఊళ్ళలో ఉన్నారు. 2019లో 1,731 అనధికార కాలనీల వారికి యాజమాన్య హక్కులిచ్చే పథకం వచ్చింది. ఇంటి కాగితం దక్కడం మేలే. కింది అంతస్తులోని కుట్టు యంత్రానికి మాత్రం ఆ కాగితంలో చోటు లేదు.

దూరం అనే పన్ను

2004లో యమునా పుష్తా బస్తీలను కూల్చి చాలామందిని బవానాకు తరలించారు. కల్యాణీ మేనన్ సేన్, గౌతమ్ భాన్ బవానాలో సర్వే చేసి 2008లో పుస్తకం ప్రచురించారు. ఇల్లు మారడం వల్ల ఆదాయం ఎలా పడిపోయిందో, ఆడవాళ్ళ పనులు ఎలా పోయాయో, పిల్లల చదువులు ఎలా ఆగాయో అందులో ఉంది. అంతకు రెండేళ్ళ ముందు ఐఐటీ ఢిల్లీకి చెందిన గీతం తివారీ, అన్వితా ఆనంద్‌తో కలిసి చాణక్యపురి సంజయ్ క్యాంపు ఆడవాళ్ళ మీద పరిశోధన ప్రచురించారు. ఇల్లు, ప్రయాణం, బతుకుతెరువు మూడూ ఒకే తాడు పేటలని చూపించిన పరిశోధన అది.

2006 నుంచి నిండిన పునరావాస కాలనీ సావ్దా ఘేవ్రాలో ఇచ్చిన ప్లాట్లు 18 చదరపు మీటర్లవి, 12.5 చదరపు మీటర్లవి. అంత జాగాలో సంసారమే కష్టం, దుకాణమో మగ్గమో పెట్టుకోవడం ఇంకా కష్టం. ఊరు ఢిల్లీ పశ్చిమ సరిహద్దున ఉంది కాబట్టి పనికి వెళ్ళిరావడానికి రోజు కూలిలో కొంత బస్సుకే పోతుంది. పురుషుడు ఆ ఖర్చు భరించి వెళ్తాడు. రెండు గంటల్లో ఇంటికి రావలసిన ఆడమనిషి మానేస్తుంది. 2019 అక్టోబరులో ఢిల్లీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. తెలంగాణ 2023లో, ఆంధ్రప్రదేశ్ 2025లో అదే దారి పట్టాయి. బస్సు టికెట్టు రద్దు చేయడం కూడా స్థానిక ఆర్థిక ప్రణాళికే. కాకపోతే ఛార్జీని ప్రభుత్వం మాఫీ చేయగలిగింది, ప్రయాణానికి పట్టే గంటలను మాఫీ చేయలేదు.

కఠ్‌పుత్లీ కాలనీ కథ మరో రకం. శాదీపూర్ డిపో ఎదుట తోలుబొమ్మలు కాదు, కొయ్యబొమ్మలు ఆడించే రాజస్థానీ కుటుంబాలు, గారడీవాళ్ళు, డోలు కళాకారులు దశాబ్దాలుగా ఉండేవారు. అక్కడే అపార్ట్‌మెంట్లు కట్టి ఇచ్చేలా 2009లో ప్రైవేటు నిర్మాణ సంస్థతో ఒప్పందం కుదిరింది. అక్కడే ఇల్లు కాబట్టి దూరం సమస్య లేదు. కళాకారులు అడిగింది వేరు. మనిషంత ఎత్తు బొమ్మలు ఎక్కడ పెట్టాలి? పొడవాటి వెదురు కాళ్ళ మీద నడిచే సాధన ఏ అంతస్తులో చేయాలి? 2017 అక్టోబరులో మిగిలిన గుడిసెలను కూడా పడగొట్టి, కుటుంబాలను ఆనంద్ పర్బత్ తాత్కాలిక శిబిరానికి పంపారు. ఆ కాలనీకి ఆర్థిక పునాది కళ. ప్రణాళికలో లెక్కకు వచ్చినవి గుడిసెల సంఖ్య, ఫ్లాట్ల సంఖ్య.

రెహడీ (తోపుడుబండి), పట్రీ (కాలిబాట), సంత

పనిని చట్టమే లెక్కించమన్న సందర్భం ఒకటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అయిదేళ్ళకోసారి వ్యాపారుల సర్వే జరగాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం సభ్యులు వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళై ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవాళ్ళు. సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ తొలగించకూడదు. ప్రాంతం జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు కల్పించాలి. కాగితం మీద ఇంతకంటే మంచి స్థానిక ఆర్థిక విశ్లేషణ మన దేశంలో లేదు.

ఆచరణలో చిక్కు బండి స్వభావంలోనే ఉంది. ఢిల్లీలో వ్యాపారి తన చోటును ‘ఠియా’ అంటాడు. ఠియా విలువ నేలలో లేదు, ఎదుటి మెట్రో గేటులోనో ఆసుపత్రి క్యూలోనో ఉంది. ఆ గేటు మూసేస్తే ఠియా ఉత్త రోడ్డు. వారానికి ఏడు చోట్ల ఏడు సంతలు తిరిగేవాడిని సర్వే మనిషి ఏ చోట రాసుకోవాలి? పొద్దున పళ్ళు అమ్మేవాడు, సాయంత్రం అదే మూల చాట్ అమ్మేవాడు ఒక ఠియానా, రెండా? మనిషిని లెక్కపెట్టడం సుళువు, జనప్రవాహాన్ని లెక్కపెట్టాలంటే గంటగంటకూ అక్కడ నిలబడాలి.

కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పథకం 10 వేల రూపాయలతో మొదలుపెట్టి, తిరిగి కట్టినవారికి 20 వేలు, 50 వేలు అప్పు ఇచ్చింది. అప్పు కోసమైనా వ్యాపారులు పేర్లు రాయించుకున్నారు. జనం భయపడని సర్వే ఎలా ఉంటుందో అది చూపించింది. పేరు చెబితే ఏదో చేతికి వస్తుంది, చేతిలోది పోదు.

సరుకు పేరు, చేతుల పేరు

రాజధాని ప్రాంతం ఢిల్లీ ఒక్కటే కాదు. దాదాపు 55 వేల చదరపు కిలోమీటర్లలో హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు ఉన్నాయి. ఢిల్లీ వాటా 1,483 చదరపు కిలోమీటర్లు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2018లో ‘ఒక జిల్లా, ఒక ఉత్పత్తి’ పథకం తెచ్చింది. గౌతమబుద్ధ నగర్‌కు రెడీమేడ్ దుస్తులు, గాజియాబాద్‌కు ఇంజనీరింగ్ సరుకులు, మేరఠ్‌కు ఆటవస్తువులు, బులంద్‌షహర్‌కు ఖుర్జా పింగాణీ.

ఈ ఎంపిక తప్పు కాదు. ఖుర్జా కొలిమికి, మేరఠ్ బ్యాటుకు చరిత్ర ఉంది. విభజన తర్వాత సియాల్‌కోట్ నుంచి వచ్చిన పనివాళ్ళే మేరఠ్‌లో, జలంధర్‌లో ఆటవస్తువుల పరిశ్రమను నిలబెట్టారు. కానీ ఒక్క సరుకు పేరు రాయగానే విశ్లేషణ ముగిసిందనుకోవడం ప్రమాదం. మేరఠ్ బంతిని ఎవరింట్లో కుడుతున్నారు, పీస్‌కు ఎంత, మధ్యలో ఎంతమంది గుత్తేదారులు, లెక్క అక్కడ మొదలవ్వాలి. హర్యానాలోని పానీపట్ పాశ్చాత్య దేశాలు వదిలేసిన ఉన్ని బట్టలు చింపి, నూలు తీసి దుప్పట్లు నేసింది. పాలియెస్టర్ దుప్పటి వచ్చాక ఆ మార్కెట్టు కుదేలైంది. ఒకే సరుకు మీద నిలబడ్డ ఊరికి పునాది బలమే, బలహీనతా అదే. మన సిరిసిల్ల మరమగ్గాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి భిన్నమైన దారి ఢిల్లీలోనే ఉంది. ‘సేవా’ అనే సంస్థ ఇంటి దగ్గర ఎంబ్రాయిడరీ చేసే ఆడవాళ్ళను కూడగట్టి ‘రువాబ్’ అనే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టించింది. కుట్టేవాళ్ళే వాటాదారులు. గుత్తేదారు వాటాకు అక్కడ చోటు లేదు. తూర్పు ఢిల్లీ ఇళ్ళలో కనపడని పని కంపెనీ లెడ్జర్‌లోకి ఎక్కింది. ఇలాంటివి ఎన్ని పుట్టాయో, ఎన్ని నిలిచాయో కూడగట్టిన పరిశోధన రావలసి ఉంది.

ఎవరి అంకెలు, ఎవరి అధికారం

ఇప్పుడు అంకెల సంగతి. చివరి జనగణన 2011లో జరిగింది. అప్పుడు ఢిల్లీ జనాభా సుమారు కోటీ 68 లక్షలు. తర్వాతి గణన సంవత్సరం 2027. ఆరో ఆర్థిక గణన 2013-14లో జరిగింది. ఏడోదానికి జనం ఇళ్ళకు వెళ్ళి వివరాలు రాసుకున్నా ఫలితాలు బయటికి రాలేదు. 2017-18 నుంచి వస్తున్న శ్రామిక శక్తి సర్వే రాష్ట్ర స్థాయి చిత్రం ఇస్తుంది, వార్డు స్థాయికి దిగదు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వేళ ఆనంద్‌విహార్ బస్టాండు దగ్గర వేలాది కూలీలు మూటలతో నిలబడ్డ రోజున, వాళ్ళు ఏ పేటలో ఏ పనిలో ఎందరున్నారో చెప్పగల అంకె ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. ఢిల్లీ తలసరి ఆదాయం నాలుగున్నర లక్షల రూపాయలు దాటిందని బడ్జెట్ వేళ చెబుతారు. నగరం మొత్తానికి తీసిన ఆ సగటు పేదల పేట సీలంపూర్‌కు, ధనికుల కాలనీ వసంత్ విహార్‌కు మధ్య దూరాన్ని దాచేస్తుంది.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒకేరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2024లో కులాల వారీ సామాజిక ఆర్థిక సర్వే జరిగింది. ఇంత పెద్ద పని చేయించగల యంత్రాంగం ఉందని అవి రుజువు చేశాయి. అందులోని అంకెలు పేట స్థాయికి తిరిగి వచ్చి, అక్కడివారి చేతిలో పటంగా మారితేనే ప్రణాళికకు పనికొస్తాయి.

ఢిల్లీలో అధికారం కూడా ముక్కలైంది. భూమి రాష్ట్ర ప్రభుత్వానిది కాదు, కేంద్రానిది. ప్లాన్ డీడీఏది. వీధి కార్పొరేషన్‌ది, ఆ కార్పొరేషన్‌ను 2012లో మూడు ముక్కలు చేసి 2022లో మళ్ళీ కలిపారు. 2007లో వచ్చిన మాస్టర్ ప్లాన్ వార్డు స్థాయి స్థానిక ప్రణాళికలు రాయమంది. కొన్ని వార్డులకు ముసాయిదాలు తయారైనా ఆ పద్ధతి నగరమంతా పాకలేదు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ హయాంలో 2000లో మొదలైన భాగీదారీ (భాగస్వామ్య) కార్యక్రమం కాలనీ సంక్షేమ సంఘాలతో మాట్లాడింది, అంటే ఎక్కువగా సొంత ఇళ్ళవారితో. 2015లో కొన్ని నియోజకవర్గాల్లో మొహల్లా సభలు పెట్టి బడ్జెట్టు గురించి అడిగారు. అదీ అలవాటుగా మారలేదు. 2041 ప్లాన్ ముసాయిదా 2021 జూన్‌లో వచ్చినప్పుడు ‘మై భీ దిల్లీ’ అనే వేదిక ఇళ్ళ పనివాళ్ళు, వీధి వ్యాపారులు, చెత్త ఏరేవాళ్ళతో కూర్చుని వారి మాటను అభ్యంతరాల రూపంలో డీడీఏకు పంపింది. రంగుల పటం పక్కన ముగ్గు పటం పెట్టే ప్రయత్నాల్లో నగరం మొత్తాన్ని తాకినది అదే.

శీతాకాలంలో గాలి చెడితే ఇంకో సంగతి బయటపడుతుంది. కాలుష్యం హద్దు దాటగానే ప్రాంతమంతటా నిర్మాణ పనులు ఆపేస్తారు. ఆగిన రోజులకు కూలీలకు పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చేది సంక్షేమ బోర్డులో నమోదైన కూలీలకు. నోయిడాలో నమోదై గురుగ్రామ్ అడ్డాలో నిలబడేవాడి సంగతి, అసలు నమోదే కానివాడి సంగతి ఎవరి ఖాతా? గాలికి ఢిల్లీతో పాటు నాలుగు రాష్ట్రాలను కలిపి ఒక కమిషన్ ఉంది, కూలీకి లేదు.

రెండు అభ్యంతరాలు

పేటను బాగుచేయడం దండగ, మనుషులకు చదువు, డబ్బు ఇచ్చి మంచి చోటికి వెళ్ళనివ్వండి అనే ఆర్థికవేత్తలున్నారు. వలస మీద బతికే ఢిల్లీలో ఈ వాదనకు బలం ఉంది. కానీ పేద కుటుంబం చేతిలో ఉన్న ఆస్తుల్లో పెద్దది చోటే. తెలిసిన యజమానురాలు, అప్పు పెట్టే కిరాణా, బిడ్డను చూసుకునే పక్కింటి ముసలమ్మ కూడా ఆ చోటులో భాగమే. మనిషి వెంట ఇవి కదలవు.

రెండో అభ్యంతరం బస్తీ నుంచే వస్తుంది, ఇది గట్టిది. ఢిల్లీలో సర్వే అంటే కూల్చివేతకు తొలి అడుగు. మరోవైపు, 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం సర్వే చేసి ఇచ్చిన టోకెన్లను బస్తీవాళ్ళు దశాబ్దాలపాటు ట్రంకు పెట్టెల్లో దాచుకున్నారు, హక్కుకు అదే రుజువని. లెక్కలోకి రావాలన్న ఆశ, లెక్కలోకి వస్తే పోతామన్న భయం ఒకే ఇంట్లో ఉంటాయి. పనిని లెక్కించే ప్రతి సర్వేకూ ముందు షరతు ఒకటుండాలి. ఈ అంకెలు తొలగింపుకు వాడబోమని రాతపూర్వక హామీ, ఆ అంకెల ప్రతి ఒకటి బస్తీ చేతిలో. లేకపోతే ‘ఏం లేదు, ఇంట్లోనే ఉంటాను’ అన్న జవాబే మళ్ళీ వస్తుంది, అది తెలివైన జవాబు కూడా.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి

ఇన్ని అనుభవాల నుంచి ఒక క్రమం తీయవచ్చు. మొదట గడియారం. తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు పేటలోంచి ఎవరు, ఏ గంటకు, ఎటు వెళ్తున్నారో రాయాలి. తర్వాత రూపాయి దారి. ఏ పని బయటి డబ్బు తెస్తోంది, అద్దె, వడ్డీ, నీళ్ళ పేరిట ఎంత జారిపోతోంది. మూడోది చేతులు. సరుకు పేరు కాక పని పేరు రాయాలి, ఇంటి లోపలి పనితో సహా. నాలుగోది జాగా. ఏ పనికి ఎంత చోటు, ఎంత వెలుతురు, ఏ ప్రమాదం. ఇవి తెలిశాకే ఇల్లు ఎక్కడ, బస్సు ఎటు, అప్పు ఎవరికి అన్న నిర్ణయాలు. మద్రాసీ క్యాంపులో మొదటి ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే చాలు, నరేలా అనే జవాబు వచ్చేది కాదు.

ఈ పనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఇంటింటి సంఘాలను నడిపిన అనుభవం హైదరాబాదు నుంచి ఫరీదాబాద్ దాకా ఉంది. లేనిది ఓపిక. మాస్టర్ ప్లాన్ ఇరవై ఏళ్ళకోసారి గీస్తారు. ఈలోపు మెట్రో గేటు మారుతుంది, దుప్పటి మార్కెట్టు పడిపోతుంది, ఒక ఫ్యాక్టరీ మూతపడుతుంది. ముగ్గు అలా కాదు. జనం నడిచి చెరిగిపోతుంది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వేస్తారు. గుమ్మం ముందు నిలబడి వేయవలసింది కూడా ఆ ఇంటివాళ్ళే.